కూరగాయల బండి వస్తే గేటు దగ్గరికి వెళ్ళు

చిట్టితల్లీ,

అల్లుడికి ఇండోనేషియాలోని బెకాసీలో ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే నాకు ఆ దేశంలోనే పుర్వకర్తా ఊళ్ళో ఒకప్పుడు మేమున్న ఇంటి గేటు గుర్తొచ్చింది. ఆకుపచ్చ రంగు ఇనప గేటు. మీ పెదనాన్నకి అక్కడి నూలు మిల్లులో పని దొరికితే ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళాను. మొదటి నాలుగు నెలలూ ఒంటరిగా ఆ గేటు దాటలేదు. కర్టెన్ సందులోంచి వీధిని చూస్తూ మధ్యాహ్నాలు గడిపాను. ఆ నాలుగు నెలలు నీకు రాకూడదనే ఈ ఉత్తరం.

అల్లుడికి ఆఫీసు ఉంటుంది, పిల్లలకి బడి ఉంటుంది. ఇంట్లో మిగిలేది నువ్వే. అందుకే భాష అందరికంటే ముందు నువ్వు నేర్చుకోవాలి. ఇవాళే మొదలుపెట్టు. అక్కడి భాష బహాసా మనకి మరీ పరాయిది కాదు. పేరుని 'నామా' అంటారు, నేలని 'బూమి' అంటారు, ఉపవాసం 'పువాసా'. కొన్ని మాటలకి అర్థం కాస్త జరిగింది. 'నెగారా' అంటే దేశం, 'సువామి' అంటే భర్త, 'ఇస్త్రీ' అంటే భార్య, 'బిచారా' అంటే మాట్లాడటం. క్రియలకి కాలాల గొడవ లేదు. అయిపోయిందనడానికి 'సుదా', ఇంకా లేదనడానికి 'బెలుమ్'. ఈ రెండూ నోటికొస్తే సగం పని అయినట్టే. "సుదా మకాన్?" అని ఎవరైనా అడిగితే కంగారుపడకు, భోంచేశారా అని మన ఊళ్ళో అడిగే పలకరింపే అది. ఎక్కడికి వెళ్తున్నావని అడిగినా అంతే, ఆరా తీస్తున్నారనుకోకు. "జలాన్ జలాన్" అని నవ్వు, చాలు. ఊరికే అలా తిరిగొస్తున్నానని దానర్థం.

పొద్దున్న ఆరున్నర, ఏడు మధ్య కూరగాయల బండి వస్తుంది. తోసుకొచ్చేవాడిని 'తుకాంగ్ సాయుర్' అంటారు. "సాయూర్..." అని సాగదీసి అరుస్తాడు. బండి చుట్టూ ప్లాస్టిక్ సంచులు వేలాడుతుంటాయి. చింతపండు పులుసుకి కావలసిన ముక్కలన్నీ, మొక్కజొన్న కండె ముక్కతో సహా, ఒకే పొట్లంలో కట్టి ఉంచుతాడు. వీధిలో ఆడవాళ్ళందరూ నైటీల్లోనే వచ్చి చుట్టూ నిలబడతారు. ఆ పది నిమిషాలే నీకు బడి. తోటకూర 'బాయమ్', తూటికూర 'కంగ్‌కుంగ్', బీరకాయ 'ఓయోంగ్', వంకాయ 'తెరోంగ్', మునగాకు 'కెలోర్'. వేలితో చూపించి పేరడుగు, వాళ్ళు చెప్పింది తిరిగి అను. తప్పు పలికితే సరిదిద్దుతారు, ఎగతాళి చెయ్యరు. ధరలన్నీ వేలల్లోనే ఉంటాయి, వెయ్యిని 'రిబు' అంటారు. మన రూపాయికి వాళ్ళవి దాదాపు 190 వస్తాయి కాబట్టి పదివేలనగానే గుండె ఆగనక్కర్లేదు. డబ్బు కుడిచేత్తోనే ఇవ్వు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకు, ఆడవాళ్ళని 'ఇబు' అనీ, పొట్టిగా 'బు' అనీ, మగవాళ్ళని 'పాక్' అనీ పిలువు.

బియ్యం కొనేటప్పుడు 'పెరా', అంటే పొడిపొడిగా ఉండే రకం, అని అడుగు. లేకపోతే మెత్తగా అతుక్కునే 'పులెన్' రకం ఇస్తారు, దానితో పులిహోర కలిపితే ముద్దవుతుంది. నాకు ఈ ఒక్క మాట తెలియడానికి ఏడాది పట్టింది. మినపప్పు, కందిపప్పు బండి మీద దొరకవు. జకార్తాలో పసార్ బారు వైపు మనవాళ్ళ సరుకుల కొట్లున్నాయి, నెలకోసారి వెళ్ళి తెచ్చుకో. గాలిలో తేమ ఎక్కువ, పప్పులు ఫ్రిజ్‌లో పెట్టు. మీ అత్తగారు వస్తానంటున్నారట కదా. ఆవిడ శాకాహారి కాబట్టి బయట తినేటప్పుడు 'డాగింగ్', అంటే మాంసం, వద్దంటే సరిపోదు. దాని కింద కోడి లెక్కకి రాదు, కోడిముక్కలు వేసి తెచ్చేస్తారు. 'అయామ్' (కోడి) వద్దు, 'ఇకాన్' (చేప) వద్దు, 'తెరాసీ' వద్దు అని విడివిడిగా చెప్పు. తెరాసీ అంటే రొయ్యల్ని పులియబెట్టి చేసిన ముద్ద, చాలా పచ్చళ్ళలో కలిపేస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇప్పుడు చెబుతున్నా, జాగ్రత్తగా చదువు. అక్కడ వానలు మన చలికాలంలో పడతాయి. రెండో ఏడు ఆ వానల్లో మా చిన్నాడికి జ్వరం వచ్చింది. నాలుగో రోజు వేడి తగ్గింది. హమ్మయ్య అనుకుని నేను వంటింట్లోకి వెళ్ళాను. కూరగాయల బండి దగ్గర పరిచయమైన పక్కింటి ఇబు చూడ్డానికి వచ్చి, వాడి పాదాలు పట్టుకుని చూసి, "దింగిన్, దింగిన్" అంది. చల్లగా ఉన్నాయి. డెంగ్యూలో జ్వరం తగ్గే రోజే ప్రమాదమని ఆవిడకి తెలుసు, నాకు తెలియదు. పది నిమిషాల్లో వాళ్ళ కారులో ఆసుపత్రికి చేర్చింది. ఐదు రోజులు సెలైన్ ఎక్కించారు. ఐదు రోజులూ ఆవిడ గ్లాసుడు జామపండు రసం తీసి మూత పెట్టి తెచ్చేది. అది తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని వాళ్ళ నమ్మకం. ఆ మొదటి నాలుగు నెలల్లాగే కర్టెన్ వెనకే ఉండిపోయి ఉంటే ఆ రోజు నా ఇంటికి ఎవరు వచ్చేవారు?

దోమలు మా స్నానాలగదిలోనే పుట్టాయి. అక్కడి ఇళ్ళలో స్నానానికి 'బాక్ మండీ' అని నీళ్ళ తొట్టి కట్టి ఉంటుంది. నేను దాన్ని నిండుగా ఉంచేదాన్ని, అడుగు తోమేదాన్ని కాదు. వారానికి ఒకసారి నీళ్ళన్నీ వదిలేసి గోడలు బ్రష్‌తో రుద్దాలి. జ్వరమొస్తే పారాసిటమాల్ తప్ప ఇంకే మాత్రా నీ అంతట నువ్వు వెయ్యకు. రెండో రోజుకల్లా రక్తపరీక్ష చేయించు.

ఇల్లు చూసేటప్పుడు వానలకి ఆ వీధి మునుగుతుందా అని ఏజెంటుని కాదు, ఎదురింటివాళ్ళని అడుగు. 'బంజీర్' అంటే వరద. అద్దె సాధారణంగా ఏడాదికి సరిపడా ముందే కట్టమంటారు, కంపెనీ ఇస్తుందో లేదో అల్లుడిని ఇప్పుడే తేల్చుకోమను. దిగిన వారంలో 'పాక్ ఆర్టీ' ఇంటికి మీ ఇద్దరూ వెళ్ళండి. వీధి పెద్ద ఆయన. పాస్‌పోర్టు కాపీలు ఇచ్చి, కాస్త స్వీటు తీసుకెళ్ళి కూర్చుని రండి. ఫోన్లు దిగిన రోజే ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో నమోదు చేయించండి, లేకపోతే కొన్నాళ్ళకి అక్కడి సిమ్ పనిచెయ్యదు. నీకొచ్చే కితాస్, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, అల్లుడి ఉద్యోగం మీద ఆధారపడింది, దానితో నువ్వు జీతానికి చేరకూడదు. కరెంటు మీటరు ప్రీపెయిడ్ అయితే డబ్బు కట్టి కొన్న 20 అంకెల టోకెన్ నంబరు దానిలో కొట్టాలి, కరెంటు అయిపోవస్తోందని మీటరు పీక్ పీక్ అనే దాకా ఆగకు.

పనమ్మాయిని పెట్టుకుంటే రంజాన్ పండగకి ముందు ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి. ఏడాది నిండితే పూర్తిగా, నిండకపోతే చేసిన నెలల లెక్కన. 'టీహెచ్‌ఆర్' అంటారు. దాన్ని దానంగా అనుకోకు, ఆ డబ్బుతోనే వాళ్ళు పిల్లలకి బట్టలు కొనుక్కుని ఊరెళ్తారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా పనంతా నీదే. తప్పు చేసినప్పుడు పదిమందిలో గొంతు పెంచకు. మన ఇళ్ళలో మామూలు మాటే కాస్త గట్టిగా ఉంటుంది కదా, అక్కడ దాన్ని కోపమనుకుంటారు. మర్నాడు చెప్పకుండా మానేస్తారు. పక్కకి పిలిచి మెల్లగా చెప్పు.

మనకంటే అక్కడ గంటన్నర ముందు. నీకు ఏడింటికి బండి వచ్చేసరికి ఇక్కడ ఐదున్నర. నేను అప్పటికే లేచి కాఫీ పెడుతుంటాను. మొదటి రోజు ఏం కొన్నావో, ఎంత ఇచ్చావో ఫోన్ చేసి చెప్పు.

నీ పెద్దమ్మ
రాజమండ్రి