మెడికల్ అఫైర్స్‌లోకి మారడానికి ఏడాది కాంట్రాక్ట్ వస్తే, పర్మనెంట్ ఉద్యోగం వదలొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఫార్మ్‌డీ చేసి, ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్ట్‌గా పర్మనెంట్ ఉద్యోగంలో ఉన్నారు. హైదరాబాద్‌లో ఒక మల్టీనేషనల్ ఫార్మా కంపెనీ మెడికల్ అఫైర్స్‌లో, అంటే మందుల శాస్త్రీయ సమాచారం చూసుకునే విభాగంలో, డాక్టర్ల ప్రశ్నలకు జవాబిచ్చే మెడికల్ ఇన్ఫర్మేషన్ టీమ్‌లో 12 నెలల కాంట్రాక్ట్ వచ్చింది, అది కూడా థర్డ్ పార్టీ పేరోల్ మీద, అంటే జీతం ఇచ్చేది మధ్యలోని ఏజెన్సీ. ఇంట్లో వద్దంటున్నారు, ఏం చేయాలి అని. నేనూ విజయవాడలో ఆసుపత్రి ఉద్యోగం వదిలి ఇలాంటి కాంట్రాక్ట్‌తోనే ఈ ఫీల్డ్‌లోకి వచ్చాను. నా మాట: పని సరైనదైతే వెళ్లండి. ఏం పని ఇస్తారో తేలకపోతే మాత్రం జీతం ఎంతిచ్చినా ఆగండి.

సరైన పని అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక డాక్టర్ మెయిల్ పెడతారు: ‘మీ టాబ్లెట్ నలిపి రైల్స్ ట్యూబ్‌లో (ముక్కు ద్వారా కడుపులోకి వేసే గొట్టంలో) ఇవ్వొచ్చా? నిన్న ఒక పేషెంట్‌కి అలాగే ఇచ్చాం, తర్వాత వాంతులయ్యాయి.’ వార్డులో అయితే మనం నిలబడ్డచోటే జవాబు చెప్పేస్తాం. ఇక్కడ మొదట చూడాల్సింది ఆ రెండో వాక్యం. అది అడ్వర్స్ ఈవెంట్, అంటే మందు వాడాక పేషెంట్‌కి వచ్చిన ఇబ్బంది, కాబట్టి సాధారణంగా ఒక్క పనిదినంలోపు సేఫ్టీ టీమ్‌కి వెళ్లాలి. ఆ తర్వాతే ప్రశ్నకు జవాబు. లేబుల్‌లో (మందుకు ఆమోదం పొందిన అధికారిక సమాచార పత్రంలో) నలపడం గురించి ఏముంది, పబ్లిష్ అయిన డేటా ఏముంది అన్నది రెఫరెన్సులతో, ప్రచారం వాసన లేకుండా రాయాలి. లేబుల్‌లో లేని వాడకం గురించి డాక్టర్ తనంతట తాను అడిగితేనే చెప్పాలి, అడిగినంతవరకే చెప్పాలి. ఈ క్రమశిక్షణ చేతికొస్తే కాంట్రాక్ట్ అయినా పర్మనెంట్ అయినా మీరు మెడికల్ అఫైర్స్ మనిషే. అలా కాకుండా ఏడాదంతా మెయిళ్లు విడదీసి ట్రాకర్ నింపడమే పని అయితే, తర్వాతి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

అందుకే మేనేజర్‌ని నేరుగా అడగండి: రెస్పాన్స్ లెటర్లు నేను డ్రాఫ్ట్ చేస్తానా? మెడికల్ రివ్యూలో, అంటే రాసినవాటిని వైద్యపరంగా సరిచూసే చోట, కూర్చుంటానా? ఏ థెరపీ ఏరియా (ఏ రకం జబ్బుల మందులు)? హైదరాబాద్‌లో నోవార్టిస్, సనోఫీ లాంటి కంపెనీలకు పెద్ద గ్లోబల్ సెంటర్లున్నాయి, 2025లో ఆమ్‌జెన్, ఎలీ లిల్లీ కూడా తెరిచాయి. ఇలాంటి సెంటర్లలో పని ఎక్కువగా బయటి దేశాల కోసమే. కాబట్టి షిఫ్ట్ టైమింగ్స్ కూడా ముందే తేల్చుకోండి.

ఇంకొకటి కూడా తప్పకుండా అడగాలి: ఈ పోస్ట్ ఎందుకు పుట్టింది? మెటర్నిటీ లీవ్‌లో ఉన్నవాళ్ల స్థానంలో అయితే వాళ్లు తిరిగొస్తారు, అది మొదటిరోజే తెలిసిన సంగతి. కొత్త మందు లాంచ్ కోసమైతే పని ఎక్కువ, నేర్చుకునేదీ ఎక్కువ. హెడ్‌కౌంట్ (పర్మనెంట్ పోస్టులు) ఆపేసి కాంట్రాక్ట్ మీద నడిపిస్తుంటే ‘కన్వర్ట్ చేస్తాం’, అంటే పర్మనెంట్ చేస్తాం అనే నోటిమాటకు విలువ లేదు. నాకూ అలాగే చెప్పారు. టీమ్ లీడ్ నిజంగా ప్రయత్నించారు కూడా, కానీ ఆ నిర్ణయం విదేశంలోని హెడ్ ఆఫీసు చేతిలో ఉంది. ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు, కన్వర్షన్ రాలేదు. చివరికి వేరే కంపెనీలో పర్మనెంట్ వచ్చింది, అది వచ్చింది మాత్రం అక్కడ రాసిన లెటర్ల అనుభవం వల్లే.

డబ్బు సంగతికొస్తే ఆఫర్ లెటర్‌లో మీ హోదా చూడండి. కన్సల్టెంట్ అని ఉంటే సాధారణంగా పీఎఫ్ ఉండదు, 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగి అయితే 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అర్హత ఉంటుంది. పేరోల్ ఏజెన్సీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలున్నారో లేదో అడగండి. ఇప్పుడు ఆసుపత్రి ఇస్తున్న కవర్ పోతుంది కదా. హోమ్ లోన్ తీసుకునే ఆలోచన ఉంటే ఉద్యోగం వదలకముందే తీసుకోండి. కాంట్రాక్ట్ పేస్లిప్ చూపిస్తే చాలా బ్యాంకులు వెనకాడతాయి. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలతో సహా, చేతిలో లేకపోతే నేనైతే వెళ్లమని చెప్పను.

రెజ్యూమేలో ఫార్మా కంపెనీ పేరు ఒక్కటే రాయకండి. రిలీవింగ్ లెటర్ పేరోల్ ఏజెన్సీ నుంచే వస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రెండూ కలవకపోతే లేనిపోని టెన్షన్. ఏజెన్సీ పేరు, పక్కనే క్లయింట్‌గా ఫార్మా పేరు రాస్తే సరిపోతుంది. అలాగే పదో నెల వచ్చేదాకా ఆగకుండా ఏడో నెల నుంచే బయట అప్లై చేయడం మొదలుపెట్టండి. కాంట్రాక్ట్‌లో నోటీస్ పీరియడ్ చాలాచోట్ల 30 రోజులే, కొత్త కంపెనీలకు అదే నచ్చుతుంది.

మెడికల్ అఫైర్స్‌కి సంబంధించిన బీసీఎంఏఎస్ సర్టిఫికేట్ చేసి వెళ్లాలా అని కూడా అడిగారు. ఇప్పుడొద్దు. ఆఫర్ చేతిలో ఉంది కాబట్టి ఆ డబ్బు అత్యవసర ఖర్చులకు పక్కన పెట్టండి. చేరాక కొన్ని నెలలు పని చూసి, మెడికల్ సైన్స్ లయజన్ (డాక్టర్లను కలిసి శాస్త్రీయ సమాచారం చర్చించే ఉద్యోగం) వైపు వెళ్లాలా, మెడికల్ రైటింగ్ వైపా అన్నది తేలాక ఆలోచించొచ్చు.