గేమ్ ఆడుతుంటే గ్రాఫిక్స్ కార్డు 84 డిగ్రీలకు చేరుతోంది, ఫ్యాన్ల హోరు భరించలేకపోతున్నాను. కొత్త కేబినెట్ కొనాలా?

గేమ్ మొదలైన పది నిమిషాలకే కార్డు 84 డిగ్రీలు దాటుతోందని, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా ఫ్యాన్ల రొద వినిపిస్తోందని, కార్డు పాడైపోతుందేమోనని భయంగా ఉందని రాశారు. ముందు ఆ భయం పక్కన పెట్టండి. ఎన్విడియా కార్డుల్లో చాలావాటికి కంపెనీయే 83 డిగ్రీల దగ్గర టార్గెట్ పెట్టి పంపుతుంది. అది దాటితే కార్డు తనంతట తానే క్లాక్, అంటే చిప్పు పని చేసే వేగం, తగ్గించుకుంటుంది. రేడియాన్ కార్డుల్లో హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు) 110 డిగ్రీల దాకా వెళ్లినా అది మామూలేనని ఏఎండీ 2019లోనే చెప్పింది. మీ కార్డు ఇప్పటికిప్పుడు కాలిపోదు. కానీ ఆ రొదతో రోజూ గంటలు గంటలు కూర్చోవడం ఎంత చిరాకో నాకు బాగా తెలుసు, దాన్ని తప్పకుండా తగ్గించుకోవచ్చు.

పైకి ఇది ఫ్యాన్ల సమస్యలా కనిపిస్తుంది. నా అనుభవంలో మాత్రం ఇది ముందు గాలి సమస్య, ఆ తర్వాత వాట్ల సమస్య. ఫ్యాన్ల సెట్టింగుల వంతు చివర్లో వస్తుంది. నేను ఈ వరుసను తలకిందులుగా మొదలుపెట్టి దాదాపు రెండు నెలలు పోగొట్టుకున్నాను.

నాది మూడు ఫ్యాన్ల కార్డు, 220 వాట్లది. అప్పట్లో అదీ 82 డిగ్రీల దగ్గరే ఉండేది. అందరిలాగే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గ్రాఫ్, పైకి లాగాను. 80 శాతం వేగం పెడితే 77కి దిగింది. అయిదు డిగ్రీలు తగ్గాయని సంతోషించేలోపే, పక్క గదిలో చదువుకుంటున్న మా చెల్లి లేచి వచ్చి, ఏమీ అనకుండా నా గది తలుపు వేసి వెళ్లింది. సరేనని వేగం తగ్గించాను. ఈసారి 86 దాటింది, క్లాక్ పడిపోయి గేమ్ తడబడింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఎందుకలా అవుతుందంటే, ఫ్యాన్ వేగం సగం చేస్తే గాలి కూడా సగమే వస్తుంది, కానీ శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి రొద సగమైనట్టు అనిపిస్తుంది. తిప్పి చూస్తే, పై వేగాల దగ్గర కొంచెం అదనపు గాలి కోసం చాలా ఎక్కువ రొద భరించాల్సి వస్తుందన్నమాట. అందుకే ఫ్యాన్‌ని ఇంకా గట్టిగా తిప్పించడం కాదు, తక్కువ వేగంతోనే సరిపోయే పరిస్థితి కల్పించాలి.

మీరు ఏదైనా కొనేముందు ఒక పరీక్ష చేయండి. ఒకే గేమ్‌లో ఒకే చోట ఇరవై నిమిషాలు ఉండండి. కార్డు అంకెలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో గానీ హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో గానీ నాలుగు అంకెలు చూసి కాగితం మీద రాసుకోండి: ఉష్ణోగ్రత, హాట్‌స్పాట్, ఫ్యాన్ ఆర్‌పీఎం, వాట్లు. తర్వాత కేబినెట్ సైడ్ ప్యానెల్ తీసేసి మళ్లీ అదే ఇరవై నిమిషాలు. రెండుసార్లూ గది వేడి ఒకేలా ఉండాలి, లేకపోతే పోలిక చెడిపోతుంది. రెండు మూడు డిగ్రీలే తేడా ఉంటే మీ కేబినెట్ బాగానే ఉన్నట్టు. నాకు 82 కాస్తా 73 అయింది. తొమ్మిది డిగ్రీలు! నేను రెండు నెలలుగా కార్డునే తిట్టుకుంటున్నాను, అదేమో ఊపిరాడక అవస్థ పడుతోంది.

అప్పుడు కేబినెట్ ముందు భాగం ఊడదీశాను. ముందంతా గాజు, గాలి రావడానికి ఆ పక్కా ఈ పక్కా సన్నటి సందులు మాత్రమే. గాజు వెనకాల డస్ట్ ఫిల్టర్ ఉంది. అది కంబళి ముక్కలా బూడిద రంగులో మందంగా పేరుకుపోయి ఉంది. వేలితో పైనుంచి కిందికి గీస్తే దుమ్ము ఉండలా చుట్టుకుని ఊడివచ్చింది, ఆ గీతలోంచి అవతలి ఫ్యాన్ రెక్క కనిపించింది. అంతకుముందు ఆ రెక్క కనబడనే లేదు. ఫిల్టర్ కడిగి, పూర్తిగా ఆరాక బిగిస్తే అదొక్కటే నాలుగు డిగ్రీలు తగ్గించింది.

ఇంకో తప్పు కేబినెట్ పైకప్పులో దొరికింది. అక్కడ ముందువైపున్న ఫ్యాన్ గాలిని బయటికి తోస్తోంది. ముందు ఫ్యాన్లు లోపలికి లాగిన చల్లగాలిని, అది కార్డు దాకా చేరకముందే పైనుంచి పంపేస్తోంది. దాన్ని తీసేశాను. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి, అంతే ఉంచాను. ఒక ఫ్యాన్ తగ్గింది, కార్డు ఇంకో రెండు డిగ్రీలు చల్లబడింది. ఫ్యాన్లు ఎన్ని ఉన్నాయన్నదానికంటే గాలి ఏ దారిన పోతోందన్నదే ముఖ్యం అని నాకు అప్పుడు తెలిసింది. కార్డు రేకుల్లోని దుమ్ము ఊదేటప్పుడు మాత్రం ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గాలి ధాటికి అది విచ్చలవిడిగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.

ఇక వాట్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకు అసలు ఉపశమనం దొరికింది ఇక్కడే. కార్డు తీసుకునే కరెంటు మొత్తం చివరికి వేడిగానే బయటికొస్తుంది. 220 వాట్లు లాగుతోందంటే 220 వాట్ల వేడిని ఆ ఫ్యాన్లు మోయాలి. ఆ బరువే తగ్గిస్తే ఫ్యాన్లు వాటంతట అవే నెమ్మదిస్తాయి.

అన్నిటికంటే తేలిక ఫ్రేమ్ రేట్‌కి, అంటే కార్డు సెకనుకు గీసే బొమ్మల సంఖ్యకు, హద్దు పెట్టడం. నా మానిటర్ 144 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 144 ఫ్రేములే చూపించగలదు. ఒక పాత గేమ్ 260 ఫ్రేముల దాకా పరిగెత్తేది. అందులో దాదాపు సగం ఫ్రేములు మానిటర్ చూపించనే లేదు, కానీ వాటి కోసం కార్డు చెమటోడుస్తోంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 141కి పెట్టాను. ఆ గేమ్‌లో వాడకం 130 వాట్లకు పడిపోయింది, ఆటలో నాకు తేడా తెలియలేదు. మెనూ స్క్రీన్ దగ్గర ఫ్యాన్లు ఒక్కసారిగా అరుస్తున్నాయంటే కారణం చాలాసార్లు ఇదే. అక్కడ గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి కార్డు వందల కొద్దీ ఫ్రేములు తీస్తూ పోతుంది.

బరువైన కొత్త గేముల్లో ఫ్రేములు ఎలాగూ 144 దాటవు, అక్కడ ఈ హద్దు పని చేయదు. అక్కడ అండర్‌వోల్ట్, అంటే చిప్పుకు ఇచ్చే వోల్టేజ్ తగ్గించడం, కావాలి. పేరు వింటే టెన్షన్ పుడుతుంది గానీ ఇది కార్డుకు హాని చేసే పని కాదు. మనం ఇచ్చేది తక్కువ వోల్టేజే. మరీ తక్కువైతే గేమ్ క్రాష్ అవుతుంది, సెట్టింగ్ వెనక్కి తీసుకుంటే మళ్లీ మామూలే. కంపెనీలు ప్రతి చిప్పూ తప్పకుండా పని చేయాలని కాస్త ఎక్కువ వోల్టేజ్ పెట్టి పంపుతాయి. మన చిప్పుకు అంత అవసరం ఉండకపోవచ్చు.

నేను చేసింది ఇది. గేమ్‌లో నా కార్డు మామూలుగా 1050 మిల్లీవోల్టుల దగ్గర 1935 మెగాహెర్ట్జ్‌లో నడిచేది. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజ్ గ్రాఫ్ తెరుచుకుంటుంది. ముందు కోర్ క్లాక్ స్లయిడర్‌ని బాగా కిందికి దించి గ్రాఫ్ మొత్తాన్ని కిందికి తెచ్చాను. తర్వాత 900 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్క ఒక్కదాన్నే పట్టుకుని 1850కి ఎత్తి, అప్లై నొక్కాను. ఆ చుక్కకు కుడివైపు గ్రాఫంతా చదునైపోయింది, అంటే కార్డు ఇక 900 దాటి వోల్టేజ్ అడగదు. ఫలితం చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు: 220 వాట్ల నుంచి 170కి దిగింది, వందకు రెండో మూడో ఫ్రేములు మాత్రమే తగ్గాయి. ఇందులో మాయేమీ లేదు. చిప్పు వాడే కరెంటు వోల్టేజ్ వర్గాన్ని (వోల్టేజ్‌ని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. వోల్టేజ్ 14 శాతం తగ్గిస్తే, అదే క్లాక్ దగ్గర కోర్ వాడకం పావు వంతుకు పైగా తగ్గుతుంది.

నా అంకెలు మీరు యథాతథంగా కొట్టకండి, ప్రతి చిప్పుకూ తేడా ఉంటుంది. నాకు మొదట 875 మిల్లీవోల్టుల దగ్గర రెండు రోజులు అంతా బాగుంది, మూడో రోజు రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే బరువైన పద్ధతి) ఉన్న గేమ్ పెట్టగానే డెస్క్‌టాప్ మీదికి విసిరేసింది. 25 మిల్లీవోల్టులు పెంచాక మళ్లీ ఆ బాధ రాలేదు. కనీసం ఒక వారం రకరకాల గేములు ఆడి చూసేదాకా, విండోస్ మొదలవగానే ఈ సెట్టింగ్ అమలయ్యే ఆప్షన్ పెట్టకండి. రేడియాన్ కార్డయితే అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోనే వోల్టేజ్ తగ్గించే వీలుంది. ఇదంతా మన వల్ల కాదు అనుకుంటే పవర్ లిమిట్ స్లయిడర్‌ని 80 శాతానికి దించేయండి. ఇది అండర్‌వోల్ట్ చేసినంత బాగా పని చేయదు, ఫ్రేములు కొంచెం ఎక్కువ పోతాయి, కానీ ఒక్క నిమిషం పని.

ఇప్పుడు ఫ్యాన్ కర్వ్ ముట్టుకోవచ్చు. నేను 50 డిగ్రీల దగ్గర 30 శాతం, 65 దగ్గర 42, 75 దగ్గర 58 పెట్టుకున్నాను. దీనికంటే ముఖ్యమైంది హిస్టరిసిస్ అనే సెట్టింగ్. దాన్ని 4 డిగ్రీలకు పెడితే, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ అటూ ఇటూ ఊగినప్పుడల్లా ఫ్యాన్లు లేచి పడకుండా నిలకడగా ఉంటాయి. సమంగా వచ్చే శబ్దానికి చెవి అలవాటుపడుతుంది, పెరుగుతూ తగ్గుతూ ఉండే శబ్దానికే ప్రాణం విసిగిపోతుంది. గాలి దారి, అండర్‌వోల్ట్, ఈ కర్వ్ అన్నీ కుదిరాక 2100 ఆర్‌పీఎం తిరిగే ఫ్యాన్లు 1300 దగ్గరికి వచ్చాయి, కార్డు 68 డిగ్రీల దగ్గర నిలిచింది. గేమ్‌లో వాన పడే చప్పుడు స్పీకర్లలో మొదటిసారి విన్నాను.

మీరు ఏ రకం రొద అన్నది రాయలేదు, అదీ ఒకసారి గమనించండి. హోరు అయితే పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. టకటకమని ఒకే లయలో వస్తుంటే ఏదో కేబుల్ రెక్కకు తగులుతున్నట్టు, లేదా బేరింగ్ అరిగినట్టు. సన్నగా కీచుమంటూ, ఫ్రేములు పెరిగేకొద్దీ స్వరం మారుతుంటే అది ఫ్యాన్ కానే కాదు. కార్డు మీది కాయిల్స్ కంపించడం వల్ల వచ్చే శబ్దం అది, దాన్ని కాయిల్ వైన్ అంటారు. కార్డుకు ప్రమాదం లేదు, ఫ్రేమ్ హద్దు, అండర్‌వోల్ట్ రెండూ దాన్నీ తగ్గిస్తాయి.

హాట్‌స్పాట్ అంకె ఎందుకు రాసుకోమన్నానంటే, అది మామూలు ఉష్ణోగ్రత కంటే 10 నుంచి 20 డిగ్రీలు ఎక్కువ ఉండటం సహజం, తేడా అంతకంటే పెరుగుతూ పోతే థర్మల్ పేస్ట్‌ని అనుమానించాలి. నాకు మొదట్లో తేడా 14 ఉండేది. రెండున్నరేళ్లకు 27 అయింది. విప్పి చూస్తే చిప్పు వేడిని పైనున్న లోహపు హీట్‌సింక్‌కు చేర్చే ఆ పేస్ట్ చిప్పు మధ్యలో దాదాపు లేదు, అంతా అంచులకు జరిగిపోయి గట్టిపడింది. వేడెక్కి చల్లారే ప్రతిసారీ పేస్ట్ కొద్దికొద్దిగా బయటికి జరుగుతుంది. పేస్ట్ బదులు పీటీఎం 7950 అనే షీటు వేశాను. అది వేడికి మెత్తబడి అతుక్కుంటుంది, త్వరగా జరిగిపోదు. తేడా 12కి వచ్చింది. కానీ వారంటీ ఉన్నన్నాళ్లు మీరు విప్పకండి, కార్డు తిరిగి ఇచ్చే వీలుందేమో ముందు అడగండి. విప్పాల్సి వస్తే మెమరీ మీది థర్మల్ ప్యాడ్ల మందం కచ్చితంగా కొలవండి. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ చిప్పుకు సరిగ్గా ఆనదు, వేడి ముందుకంటే పెరుగుతుంది.

ఇంత చేసినా గది వేడిని తప్పించుకోలేం. గది ఒక డిగ్రీ పెరిగితే కార్డు కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. కేబినెట్ వెనక భాగం గోడకు ఆనుకుని ఉంటే కనీసం జానెడు జరపండి.

కేబినెట్ కొనాలా అన్నదానికి నా జవాబు: ఫిల్టర్ కడిగి, ఆ తర్వాత కూడా ప్యానెల్ తీసినప్పుడు ఏడెనిమిది డిగ్రీలు తేడా వస్తుంటే కొనండి, ముందు భాగం జాలీ ఉన్నదే తీసుకోండి. అంతకంటే తక్కువయితే మీ డబ్బు దాచుకోండి, ముందు అండర్‌వోల్ట్ చేయండి. ఆ నాలుగు అంకెలూ, కార్డు మోడలూ కింద రాస్తే, ఏ వోల్టేజ్ దగ్గర మొదలుపెట్టాలో నాకు తెలిసినంతలో చెబుతాను.