బురదలో సీసీ కాదు, టైర్లూ డిఫ్ లాకూ చూడాలి

“ఆఫ్‌రోడ్ రేసుల్లో బండ్లకు ఇన్ని క్లాసులెందుకు? అందరినీ ఒకేసారి దింపి, ముందొచ్చినవాడే గెలిచాడంటే సరిపోదా?” అని ఒకరు అడిగారు. సరిపోదండీ. క్లాసులు లేకపోతే రేసు డబ్బున్నవాడిదే. మన దగ్గర గొడవంతా క్లాసుల్ని ఉత్త సీసీని బట్టి విడదీయడం, ఉన్నవాటినీ గట్టిగా అమలు చేయకపోవడం వల్లే.

విశాఖ దగ్గర ఆనందపురం దాటాక ఒక తోటలో జరిగిన పోటీ సంగతి చెబుతాను. మా బావది 1298 సీసీ జిప్సీ. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, స్టాక్ క్లాసులో పేరిచ్చాం. అదే క్లాసులో ఇంకో తెల్ల జిప్సీ. పొద్దున్న పెట్రోల్ బంకులో సిమెంటు నేల మీద అది మలుపు తిరుగుతుంటే వెనక టైరు కీచుమంది. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటిది వేగంగా తిరగాలి కదా, మామూలు జిప్సీ అలా అరవదు. స్క్రూటినీలో, అంటే రేసుకి ముందు బండ్లను తనిఖీ చేసేటప్పుడు, పట్టుబట్టి వెనక రెండు చక్రాలూ జాకీల మీద లేపించాను. బండిని గేర్‌లో ఉంచి ఎడమ చక్రం ముందుకు తిప్పితే కుడిది వెనక్కి తిరగాలి. ఇద్దరం కలిసి తోసినా కదిలితే ఒట్టు! రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరిగేలా చేసే గేర్ల అమరిక, అదే డిఫరెన్షియల్‌, దానికి లోపల వెల్డింగ్ కొట్టించేశారు. అలా చేస్తే ఒక చక్రం గాల్లో ఉన్నా రెండోది నేలను పట్టి లాగేస్తుంది.

నిర్వాహకులు “పాపం దూరం నుంచి వచ్చాడు, పోనీలెండి” అన్నారు. మధ్యాహ్నం ఎర్రమట్టి బురదలో మా బావ బండి ముందొక చక్రం, వెనకొక చక్రం ఊరికే గిర్రున తిరుగుతూ దిగబడిపోయింది. తెల్ల జిప్సీ పక్కనుంచి ఎక్కేసింది. కప్పు అతనికే ఇచ్చారు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

రెండూ జిప్సీలే, తేడా అంతా డిఫరెన్షియల్‌లోనే. అందుకే పెట్రోలుకింత సీసీ, డీజిలుకింత సీసీ అని చేసే విభజన దండగంటాను. టైరు సైజు, డిఫ్ లాక్ (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్‌ని బిగించేది), సస్పెన్షన్, ఈ మూడూ చూస్తే చాలు. ఎడారుల్లో రోజుల తరబడి సాగే డాకర్‌ ర్యాలీలో తేలిందీ అదే. 2021లో ఇంజను రెండు చక్రాలనే తిప్పే టూవీల్ డ్రైవ్ బగ్గీలకు పెద్ద టైర్లు వేసుకునే వీలుండేది, నాలుగు చక్రాలనూ తిప్పే ఫోర్ బై ఫోర్లకు చిన్నవే. అల్ అతియా నడిపిన ఫోర్ బై ఫోర్ టొయోటా హైలక్స్ పంక్చర్లతో సతమతమై రెండో స్థానంలో ఆగింది, పీటర్‌హాన్సెల్ మినీ బగ్గీ గెలిచింది. మరుసటి ఏడాది టీ1 ప్లస్ అని కొత్త క్లాసు పెట్టి ఫోర్ బై ఫోర్లకూ 37 అంగుళాల టైర్లు ఇచ్చారు. 2022 విజేత అల్ అతియా! డ్రైవరు అతనే, మారింది రూలు.

ఇక బండిని మార్పించుకుని మాడిఫైడ్ క్లాసుకి వెళ్దామనుకుంటే ముందు ఖర్చు లెక్క వేసుకోండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ఆ బండిని రోడ్డు మీద నడపడం మాని మైదానం దాకా లారీలో తీసుకెళ్లాలి. ప్రాక్టీసుకని భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం దయచేసి ఎక్కించకండి. జియాలజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటది. మొన్న కూడా అక్కడ టైరు చారలు చూశాను, ప్రాణం ఉసూరుమంది.