మూడో రిసీవర్‌ను వెతికే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఇప్పుడున్నవాడికంటే మెరుగైన మూడో వైడ్ రిసీవర్‌ను, అంటే క్వార్టర్‌బ్యాక్ విసిరే పాస్‌లు అందుకునేవాణ్ణి, సూచించే పనిని మీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నీకు అప్పగించిందని తెలిసి చాలా సంతోషించాను. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఇక్కడి కాలేజీ జట్ల ఆటల వీడియోలు చూసే ఫిల్మ్ గదుల్లో గడిపినవాణ్ణి కనుక, ఈ విషయంలో నాకు గట్టిగా తోచిన మాటలు నీకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందుగా ఒక సంగతి. మూడోవాడంటే మొదటి ఇద్దరిలో ఎవరికైనా దెబ్బ తగిలితే దిగేవాడు అన్న ఆలోచనను మనసులోంచి తీసెయ్యి. బంతి పట్టుకుని పరుగెత్తే ఒక రన్నింగ్ బ్యాక్, అడ్డుకోవడమూ పాస్ అందుకోవడమూ చేసే ఒక టైట్ ఎండ్, ముగ్గురు రిసీవర్లు ఉండే అమరికనే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఇవాళ సగానికి పైగా ప్లేలలో వాడుతున్నాయి కాబట్టి, పేరుకు మూడోవాడైనా అతను ప్రధాన ఆటగాడే. 2004లో ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కు క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 49 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చేవి, వేసిన సీజన్‌ను తీసుకో. అందరూ రిసీవర్లు మార్విన్ హారిసన్‌నూ రెజీ వేన్‌నూ తలుచుకుంటారు గానీ, స్లాట్‌లో, అంటే అంచు రిసీవర్‌కు లోపలివైపు, ఆడిన బ్రాండన్ స్టోక్లీ 1,077 గజాలు, 10 టచ్‌డౌన్‌లు సాధించబట్టే ప్రత్యర్థులకు ఆ ఇద్దరి మీద రెట్టింపు కాపలా పెట్టే వీలు లేకపోయింది.

కొత్తవాళ్ల ఫిల్మ్ తెరవడానికి ముందు మీ జట్టు గత సీజన్ థర్డ్ డౌన్‌లన్నీ, అంటే పది గజాలు దాటడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోవన్నీ, కూర్చుని చూడు. బ్లిట్జ్ వచ్చినప్పుడు, అంటే మామూలుకంటే ఎక్కువమంది డిఫెండర్లు మీదికి దూకినప్పుడు, మీ క్వార్టర్‌బ్యాక్ కళ్లు మొదట ఎటు వెళుతున్నాయి, మైదానంలో ఏ భాగం ఎవరూ వాడక ఖాళీగా మిగిలిపోతోంది, ఇప్పుడున్న మూడోవాడు ఎక్కడ ఆలస్యమవుతున్నాడు అన్నవి రాసుకో. అంచుల్లో ఆడే మీ ఇద్దరూ పొడగరులై, లోతు పాస్‌ల మీద బతికేవాళ్లయితే, అలాంటివాణ్ణే ఇంకొకణ్ణి తెచ్చినందువల్ల ఒరిగేదేమీ లేదు. అప్పుడు కావలసినవాడు లోపలివైపు ఆడుతూ, ఆరేడు గజాల లోపల చటుక్కున ఖాళీ చేసుకోగలిగినవాడు. ఒక్కొక్కసారి తప్పు రిసీవర్‌ది కానే కాదు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుస నిలవకపోతే ఎంతటివాడు వచ్చినా బంతి అందుకోలేడు. అలాంటప్పుడు ఆ మాటే పై అధికారులకు నిర్మొహమాటంగా చెప్పు.

ఇక ఫిల్మ్‌లో ఏం చూడాలి? థర్డ్ డౌన్, ఆరు గజాలు కావాలి అనుకుందాం. మనవాడు స్లాట్‌లో నిలబడ్డాడు, ఎదురుగా అతణ్ణి కాసే డిఫెండర్, నికెల్ కార్నర్, లోపలివైపు దారి కాసుకుని ఉన్నాడు. స్నాప్ పడగానే, అంటే బంతి ఆటలోకి రాగానే, ఆ కార్నర్ అతని వెంటపడకుండా వెనక్కి జరిగి, చూపు క్వార్టర్‌బ్యాక్ మీద నిలిపాడు. అంటే అప్పటిదాకా మనిషికి మనిషి కాపు కాసే మ్యాన్ కవరేజ్‌లా కనిపించినది నిజానికి ఒక్కొక్కరు ఒక్కో చోటు కాసే జోన్. మామూలు రిసీవర్ తనకు చెప్పిన రూటును పట్టుకుని నేరుగా మధ్యలో కాసే డిఫెండర్ లైన్‌బ్యాకర్ చేతుల్లోకి పరుగెత్తుతాడు. పనికొచ్చేవాడు ఏడో గజం దగ్గర రెండడుగులు చిన్నవి చేసి, ఇద్దరు డిఫెండర్ల నడుమ ఖాళీలో ఆగి, ఛాతీని క్వార్టర్‌బ్యాక్ వైపు తిప్పుతాడు. టీవీ ప్రసారం బంతి వెంట పోతుంది కాబట్టి ఇది అందులో దొరకదు. ఇరవై ఇద్దరూ కనిపించే వెడల్పాటి కోణంలో, బంతి అతనికి రాని ప్లేలను కూడా ఓపికగా చూస్తేనే ఈ తెలివి ఉందో లేదో తేలుతుంది.

గడియారాన్ని అతిగా నమ్మకు. 2017లో ఇండియానాపొలిస్‌లో కొత్త ఆటగాళ్లను పరీక్షించే కంబైన్‌లో జాన్ రాస్ 40 గజాలను 4.22 సెకన్లలో పరుగెత్తి అప్పటి రికార్డును బద్దలుకొట్టాడు, సిన్సినాటి జట్టు అతణ్ణి డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే చోట, తొమ్మిదో స్థానంలో తీసుకుంది. అదే కంబైన్‌లో 4.62 సెకన్లు తీసుకున్న కూపర్ కప్, ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న కాలేజీ జట్టు నుంచి వచ్చినవాడు, 69వ స్థానం దాకా మిగిలిపోయాడు. రాస్‌ను గాయాలు వెంటాడాయన్నది నిజమే, కానీ అతను ఏ సీజన్‌లోనూ వెయ్యి గజాలు దాటలేదు. కప్ 2021లో 145 పాస్‌లు అందుకుని 1,947 గజాలు, 16 టచ్‌డౌన్‌లతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడయ్యాడు. వేగం అక్కర్లేదని నేను అనడం లేదు. స్లాట్‌లో మాత్రం పూర్తి వేగంలో ఉన్న మనిషి ఎన్ని అడుగుల్లో ఆగగలడన్నదే ఎక్కువ అన్నం పెడుతుంది.

అడ్డుకట్ట వేసే పనిని, అంటే బ్లాకింగ్‌ను, చాలా నివేదికలు ఒక్క ముక్కతో దాటేస్తాయి. నువ్వు అలా చేయకు. స్లాట్‌లో ఉన్నవాడు తనకంటే బరువైన వెనక వరుస డిఫెండర్ సేఫ్టీనో లైన్‌బ్యాకర్‌నో నిలబెట్టలేకపోతే, ముగ్గురు రిసీవర్ల అమరికలో మీ పరుగు ఆట చతికిలపడుతుంది, అతను దిగగానే ఇది పాసేనని ఎదుటివాళ్లు పసిగడతారు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. 2025లో ఒక్కో జట్టుకు శాలరీ క్యాప్, అంటే జీతాల గరిష్ఠ పరిమితి, 27.92 కోట్ల డాలర్లు కాగా, అదే ఏడాది రిసీవర్ జమార్ చేజ్ ఒప్పందం సగటున ఏడాదికి 4 కోట్ల డాలర్లు దాటింది. మొదటివాడికి అంత పోసిన జట్టు మూడోవాణ్ణి చవకలో వెతకక తప్పదు. డ్రాఫ్ట్ చివరి రోజున అలాంటివాళ్లు దొరుకుతారు: 2021లో అమోన్-రా సెయింట్ బ్రౌన్ 112వ స్థానంలో, 2023లో పూకా నకువా 177వ స్థానంలో దొరికారు. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌లుగా ఆడినవాళ్లను ప్రత్యేకంగా చూడు, ఎందుకంటే కవరేజ్ చదవడం వాళ్లకు ముందే అలవాటు. కెంట్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జూలియన్ ఎడెల్‌మన్‌ను న్యూ ఇంగ్లండ్ 2009లో ఏడో రౌండ్‌లో తీసుకుంది. మరో జట్టు పూర్తిగా వాడుకోనివాడి మీద కూడా కన్నేసి ఉంచు. 2007లో మయామీకి రెండో రౌండ్, ఏడో రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలు (పిక్‌లు) ఇచ్చి వెస్ వెల్కర్‌ను తెచ్చుకున్న న్యూ ఇంగ్లండ్‌కు అతను ఆ ఏడాదే 112 పాస్‌లు అందుకున్నాడు. ఆగస్టు చివర జట్లు 53 మందికి కుదించుకునే రోజుకు నీ జాబితా ముందే సిద్ధంగా ఉండాలి. ఆ రోజు కూర్చుని ఫిల్మ్ చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఇంకొక మాట: ఒప్పందం గడువు తీరి వచ్చినవాడిని తీసుకుంటే, పోయిన ఆటగాళ్లకు బదులుగా లీగ్ ఇచ్చే కాంపెన్సేటరీ పిక్‌ల లెక్కలో మీ జట్టుకు నష్టం రావచ్చు, పాత జట్టు విడుదల చేసినవాడితో ఆ చిక్కు లేదు.

ఎవరినైనా వర్కౌట్‌కు పిలిచినప్పుడు, అతని సొంత ఫిల్మ్‌లోంచి బంతి అందుకోని ఒక ప్లే చూపించి, అక్కడ ఎందుకు ఆగావని గానీ ఎందుకు ఆగలేదని గానీ అడుగు. కోచ్ చెప్పాడు కాబట్టి అనేవాడి పేరు పక్కన పెట్టు. నికెల్ ఎటు చూశాడో గుర్తుపెట్టుకుని చెప్పినవాణ్ణి మీ క్వార్టర్‌బ్యాక్‌తో కలిపి మైదానంలోకి పంపి, ఇద్దరి మధ్యా ఒక్క సైగ కూడా లేకుండా పది పాస్‌లు వేయించి చూడు.

ఇట్లు,
మీ మామయ్య