సమురాయ్ సినిమాలు కొత్తగా చూసేవాళ్లకు: ముందు ఏది, తర్వాత ఏది

ప్రశ్న: ‘షోగన్’ సిరీస్ చూశాక పాత సమురాయ్ సినిమాలు చూడాలనిపించింది. ఎవరినడిగినా ‘సెవెన్ సమురాయ్’ అన్నారు. గంటసేపు చూసి ఆపేశాను. నలుపు తెలుపు అయినా ఇబ్బంది లేదు. దేనితో మొదలుపెడితే మధ్యలో ఆపకుండా చూడగలను?

జవాబు:

‘సెవెన్ సమురాయ్’ని వదిలేయకండి, మూడో సినిమాగా దాచుకోండి. ముందు ‘యోజింబో’ (1961), తర్వాత ‘హరాకిరి’ (1962), ఆ తర్వాత ‘సెవెన్ సమురాయ్’ (1954). ఇది సినిమాలు వచ్చిన ఏళ్ల వరస కాదు, కథలు జరిగిన కాలాల వరస అసలే కాదు. కానీ మొదటిది ఈ సినిమాల నడక అలవాటు చేస్తుంది, రెండోది సమురాయ్ బతుకేమిటో చెబుతుంది. ఆ రెండూ తెలిశాక మూడున్నర గంటల సినిమా కూడా బరువనిపించదు.

ఏ సినిమా పెట్టినా ముందు రెండు సంగతులు తేల్చుకోండి. కథ 1600కి ముందు జరిగిందా, తర్వాతా? ఈ సమురాయ్‌కి ఏలిక ఉన్నాడా, లేడా? 1600లో తొకుగవా వర్గం గెలిచిన సెకిగహారా యుద్ధం జరిగింది. 1603లో మొదలైన తొకుగవా షోగన్ల (దేశాన్ని ఏలిన సైన్యాధిపతుల) పాలన 1868 దాకా సాగింది. అంతకుముందు నూరేళ్లకు పైగా దేశమంతా యుద్ధాలే, కత్తి తిప్పడం వస్తే ఎక్కడో ఒకచోట కొలువు దొరికేది. మీరు చూసిన ‘షోగన్’ సరిగ్గా ఈ రెండు కాలాల మధ్య గడప మీద జరిగే కథ. తర్వాత యుద్ధాలు తగ్గిపోయాయి గానీ సమురాయ్ కులం మిగిలింది. జీతం బియ్యం లెక్కన వచ్చేది. దానికి కొలత ‘కొకు’, అంటే సుమారు 150 కిలోలు, ఒక మనిషికి ఏడాది తిండి. షోగన్ ఎవరైనా సామంతుడి సంస్థానాన్ని రద్దు చేస్తే అతని కింద ఉన్న సమురాయ్‌లందరూ ఒక్క రోజులో వీధిన పడేవారు. అలా ఏలిక లేకుండా మిగిలినవాడే రోనిన్. ఈ రకం సినిమాల్లో చాలా కథలు వాళ్లవే.

‘యోజింబో’ అంటే అంగరక్షకుడు. దర్శకుడు అకిరా కురోసావా, నిడివి 110 నిమిషాలు. కథాకాలం 1860, షోగన్ల పాలన చివరి దశ. ఒక చిన్న ఊరు, రెండు ముఠాలు. ఎక్కడి నుంచో వచ్చిన రోనిన్ ఇద్దరికీ కత్తి అమ్ముతానంటూ ఇద్దరినీ కొట్లాటలో దించుతాడు. మొదటి ఇరవై నిమిషాలు జాగ్రత్తగా చూడండి. పూటకూటి కొట్టువాడు కిటికీలు ఒక్కొక్కటే తెరిచి ఏ ఇల్లు ఎవరిదో చెప్పేస్తాడు. ఊరి పటం అక్కడే మీ బుర్రలోకి ఎక్కాలి, తర్వాత మళ్లీ చెప్పరు. హీరో తొషిరో మిఫునే. తుపాకీ పట్టుకుని తిరిగే విలన్ తత్సుయా నకదాయ్. ఈ నకదాయ్ ముఖాన్ని గుర్తుపెట్టుకోండి, రెండో సినిమాలో కథంతా అతని మీదే నడుస్తుంది.

మొదటిసారి చూసేవాళ్లకు నిరాశ కలిగించేది కత్తియుద్ధం. మన జానపద సినిమాల్లో కత్తి కాంతారావు పోరాటమంటే మెట్లెక్కుతూ దిగుతూ నిమిషాల తరబడి కత్తులు ఖణఖణలాడాలి. ఇక్కడ అలా ఉండదు. ఇద్దరూ కదలకుండా నిలబడతారు, అదే ఎక్కువసేపు. తర్వాత ఒకటో రెండో వేట్లు, అంతే. చూడాల్సింది కత్తి తగిలే క్షణాన్ని కాదు, దానికి ముందున్న నిశ్చలాన్ని. పాదాలు ఎక్కడున్నాయి, ఒర మీద బొటనవేలు కదిలిందా లేదా గమనించండి. లోపల కూర్చునే సన్నివేశాల్లో కత్తిని ఏ పక్కన పెట్టారో కూడా చూడండి. కుడి పక్కన పెడితే తగాదా ఉద్దేశం లేదని అర్థం, ఎందుకంటే అక్కడి నుంచి కుడిచేత్తో వెంటనే దూయలేరు. ఎడమ పక్కన ఉంటే సిద్ధంగా ఉన్నట్టే. ఇవి తెలిస్తే మాటలు లేని సన్నివేశాలు కూడా మాట్లాడతాయి.

‘హరాకిరి’ నా లెక్కలో ఈ మొత్తం రకంలోనే గొప్ప సినిమా. దర్శకుడు మసాకి కొబయాషి, నిడివి 133 నిమిషాలు. కథాకాలం 1630. హిరోషిమాలో ఫుకుషిమా వంశపు కొలువు పోయిన ఒక రోనిన్, ఎడోలో (నేటి టోక్యో) ఈయీ వంశం వారి భవనానికి వచ్చి, మీ ముంగిట్లో పొట్ట చీల్చుకుని చనిపోతాను, అనుమతివ్వండి అని అడుగుతాడు. కథ గురించి ఇంతకు మించి ఎక్కడా చదవొద్దు, ట్రైలర్ కూడా చూడొద్దు. రెండు విషయాలు మాత్రం ముందే తెలియాలి. పొట్ట చీల్చుకునేవాడి వెనక నిలబడి తల నరికి బాధ తగ్గించే మనిషిని ‘కైషాకు’ అంటారు. ఆ పనికి హీరో మూడు పేర్లు అడుగుతాడు: ఒమొదకా, యజాకి, కవబే. ఈ మూడు పేర్లూ కాగితం మీద రాసుకున్నా తప్పులేదు. చాలామంది ఇక్కడే పట్టు తప్పి రెండో గంటలో తికమకపడతారు. సినిమాలో ఎక్కువ భాగం ఒక మనిషి ముంగిట్లో కూర్చుని మాట్లాడటమే. కత్తులు చివర్లో దూస్తారు. తాతగా నటించిన నకదాయ్‌కి అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఆ గొంతు వినండి.

ఒక జాగ్రత్త. ఇదే కథను 2011లో తకాషి మియికే రంగుల్లో మళ్లీ తీశాడు. వెతికేటప్పుడు పేరొక్కటే చూస్తే అది తగిలే అవకాశం ఉంది. ఏడాది చూసి ఎంచుకోండి. పాత సినిమా కొన్నిచోట్ల ‘సెప్పుకు’ అనే జపనీస్ పేరుతో ఉంటుంది, రెండూ ఒకటే.

ఇప్పుడు మీరు ఆపేసిన సినిమాకి వద్దాం. మొదటి గంటలో ఏమీ జరగట్లేదనిపించడానికి కారణం, ఆ గంటంతా రైతులు సమురాయ్‌లను వెతికి కుదుర్చుకోవడమే. వాళ్లు ఇవ్వగలిగేది మూడుపూటలా తెల్లన్నం, ఇంకేమీ లేదు. ఆ అన్నం పెట్టడానికి తాము చిరుధాన్యాలతో సరిపెట్టుకుంటారు. కొకు లెక్క, రోనిన్ బతుకు తెలిశాక ఈ బేరం ఎంత పెద్దదో అర్థమవుతుంది. అందుకే మూడో స్థానం ఇచ్చాను. అసలు నిడివి 207 నిమిషాలు, మధ్యలో విశ్రాంతి ఉంది. గంటా నలభై ఐదు నిమిషాలు దాటాక వస్తుంది. అక్కడ ఆపి మర్నాడు రెండో సగం చూడండి. కురోసావా విరిచిన చోటే విరుస్తున్నారు కాబట్టి సినిమాకి అన్యాయం జరగదు. రెండో సగం పూర్తిగా లెక్కల యుద్ధం. బందిపోట్లు 40 మంది, వాళ్ల దగ్గర తుపాకులు మూడు. నాయకుడు కంబే కాగితం మీద సున్నాలు గీసి, చచ్చినవాళ్లను ఒక్కొక్కరినే కొట్టేస్తుంటాడు. ఆ కాగితం కనబడిన ప్రతిసారీ లెక్క చూసుకోండి. జెండా మీద ఆరు సున్నాలు ఆరుగురు సమురాయ్‌లు, త్రికోణం మిఫునే పాత్ర కికుచియో, కింద ఉన్న అక్షరం ఊరి రైతులు. త్రికోణం ఎందుకు వేరుగా ఉందో అదే ఈ సినిమా గుండెకాయ. ‘షోలే’ చూసినవాళ్లకు ఊరిని కాపాడే బేరం కొత్త కాదు గానీ, ఇక్కడ రైతులు అమాయకులు కారు. అది తెలిసినప్పుడు కికుచియో పెట్టే కేకలు మరిచిపోలేరు.

కాపీ ఎంచుకునేటప్పుడు నిడివి చూడండి. విదేశాల కోసం కోసేసిన కాపీలు దాదాపు గంట తక్కువగా కూడా ఉంటాయి. 198, 199 నిమిషాలు కనిపిస్తే మాత్రం కంగారుపడొద్దు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపితే నిడివి 4 శాతం తగ్గుతుంది, దృశ్యాలేమీ పోవు. ఇది ఇంచుమించు చదరపు తెర సినిమా, టీవీలో రెండు పక్కలా నల్లపట్టీలు రావాలి. జూమ్ చేసి నింపితే పైన తలలు, కింద సబ్‌టైటిళ్లు తెగుతాయి. ‘యోజింబో’ దీనికి వ్యతిరేకం, బాగా వెడల్పు తెర. ఫోన్‌లో చూస్తే మూలల్లో నిలబడ్డవాళ్లు చీమల్లా కనబడతారు. టీవీలో కదలికల్ని నునుపు చేసే సెట్టింగ్ ఆపేయండి, ‘సెవెన్ సమురాయ్’లో వానలో జరిగే చివరి యుద్ధం సీరియల్‌లా కనబడేది దానివల్లే. డబ్బింగ్ వద్దు, జపనీస్ గొంతులే వినండి.

ఈ మూడూ నచ్చితే ‘సంజురో’ (1962). ‘యోజింబో’ హీరోలాంటి మనిషే మళ్లీ వస్తాడు, 96 నిమిషాలు, మిగతావాటికన్నా తేలిక. చివరి ద్వంద్వయుద్ధంలో కళ్లార్పకండి. రంగుల్లోనే కావాలంటే హిరోషి ఇనగాకి తీసిన మియమోతో ముసాషి మూడు సినిమాలున్నాయి (1954 నుంచి 1956). ఒక్కొక్కటి గంటన్నర నుంచి గంటా ముప్పావు దాకా, వరస తప్పకుండా చూడాలి. కత్తికన్నా సంసారం ముఖ్యమైన కథ కావాలంటే యోజి యమదా ‘ద ట్విలైట్ సమురాయ్’ (2002). 50 కొకుల జీతంతో ఇద్దరు కూతుళ్లనీ మతి తప్పిన తల్లినీ పోషించే చిన్న గుమాస్తా కథ. అందులో హీరో మీ ‘షోగన్’ హిరోయుకి సనాదాయే.

‘ద స్వోర్డ్ ఆఫ్ డూమ్’ (1966) పేరు మీకు చాలాచోట్ల తగులుతుంది. అద్భుతమైన సినిమా, కానీ మొదటి ఐదింటిలో పెట్టుకోవద్దు. అనుకున్న తరువాయి భాగాలు తీయలేదు కాబట్టి కొన్ని పాత్రల కథలు తెగిపోయినట్టే ఉంటాయి. పోరు మధ్యలో బొమ్మ ఉన్నట్టుండి నిలిచిపోతే నెట్ పోయిందేమోనని రిమోట్ వెతక్కండి, సినిమా ముగిసేది అక్కడే.