బీఏలో చేరుతున్న అమ్మలుకి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చి కూడా విజయనగరంలో బీఏ చదువుతానని, చరిత్ర, సోషియాలజీ తీసుకుంటానని పట్టుబట్టావట. వాడు గంటసేపు బాధపడ్డాడు. నేను ఊకొట్టానే గానీ లోపల ఎంత పొంగిపోయానో వాడికి చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. ఉద్యోగం గురించి కాదు, గ్రూప్స్ రాస్తావో పాఠాలే చెప్తావో, నీ కాళ్ల మీద నువ్వు నిలబడతావు. నా భయం వేరే.

సర్టిఫికెట్లు నాలుగేసి జిరాక్సులు తీయించుకో. హాస్టల్లో పొద్దున్న టిఫిన్ మానకు. రోజూ ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లీషు పేపరు చదువు. ఇవన్నీ ఎవరైనా చెప్తారు.

నేను డిగ్రీ అయిన కొత్తలో అప్పుల సర్వే ఒకటి జరిగితే అందులో కుర్ర ఉద్యోగిగా వెళ్లాను. నాగావళి ఒడ్డున ఒక ఊరు. జట్టుకు పెద్దగా ఒక సారు, బాగా చదువుకున్నాయన, మంచి మనిషి కూడా. ఊళ్లోకి జీపు రాగానే ఒక మేడ ఇంటివాళ్లు ఎదురొచ్చి మజ్జిగ ఇచ్చారు, అరుగు మీద బల్ల, కుర్చీలు వేయించారు. నీడగా ఉంది, గాలి వస్తోంది, సారు అక్కడే కూర్చుని ఫారాలు తీయించారు. ఊరి చివర ఉన్నవాళ్లను తలారి ఒక్కొక్కరినే పిలుచుకొచ్చాడు. వాళ్లు అరుగెక్కలేదు, కింద ఎండలో నిలబడ్డారు. ‘అప్పులేమైనా ఉన్నాయా?’ అని సారు అడగడం, ‘లేవు బాబూ’ అని వాళ్లనడం, నేను గడిలో సున్నా వేయడం. సాయంత్రానికి ఫారాలన్నీ నిండాయి. ఊరంతా అప్పు లేనివాళ్లే! మర్నాడు పొద్దున్న బోరింగు దగ్గర మొహం కడుక్కుంటుంటే ఒక ముసలామె బిందె దించి, నా వైపు చూడకుండానే అంది: ‘మా సావుకారి అరుగు మీద కూకుని అప్పున్నాదా అనడిగితే, ఉన్నాదని సెప్తామేటమ్మా?’

మజ్జిగ ఇచ్చిన ఇల్లే అప్పిచ్చిన ఇల్లు. పరుగున వెళ్లి సారుతో చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మళ్లీ అడగడానికి రోజుల్లేవు, పై ఊరు ఇంకా ఉంది అన్నారు. ఆ సున్నాలు అలాగే వెళ్లిపోయాయి. లెక్క తప్పలేదు, కూడికలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ ఊళ్లో ఎవరి అరుగు ఎవరిదో, ఎవరు ఎవరి ముందు నోరు విప్పలేరో అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు, ఎందుకంటే మా అందరికీ అలాంటి అరుగులు పుట్టినప్పట్నుంచీ అలవాటే. నువ్వు చదవబోయే చదువు ఆ ప్రశ్న అడగడం నేర్పాలి. నేర్పకపోతే అది మార్కుల కాగితమే, నా భయం అదే.

1/70 చట్టం అంటే ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు బదలాయించకూడదని కోచింగ్‌లో అందరూ బట్టీపడతారు. 1959 నాటి నిబంధనను 1970లో అంత గట్టిగా ఎందుకు బిగించాల్సి వచ్చిందో చదువు. 1967 అక్టోబరులో అప్పటి శ్రీకాకుళం జిల్లా ఏజెన్సీలోని మొండెంఖల్లులో సభకు బయల్దేరిన గిరిజనుల్లో ఇద్దరు లేవిడి దగ్గర కాల్పుల్లో పోయారు, దానికీ ముందు సంతల్లో తూకాలెలా ఉండేవో, చింతపండుకి బదులు ఉప్పు ఎంత కొలిచేవారో కూడా చదువు. మన తాతగారు కూడా ఆ సంతల్లో వ్యాపారం చేసినవారే, మర్చిపోకు. పాలకొండలో మన పొలం ఆకాశం నుంచి ఊడిపడలేదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. ‘నాకిష్టమైందే చదువుతున్నా’ అని క్లాసులో గొప్పగా చెప్పకు. ర్యాంకు వదులుకునే ధైర్యం నీ ఒక్కదానిదే కాదు, నెల తిరిగేసరికి పడే మీ నాన్న జీతానిది కూడా. నీ బెంచీలోనే ఇంజినీరింగ్ ఫీజు కట్టలేక బీఏకొచ్చిన పిల్ల ఉండొచ్చు, వాళ్ల నాన్న చెన్నైలో మేస్త్రీ పనికి వలస పోయి ఉండొచ్చు. సిగ్గుపడి మూల కూర్చోమనడం లేదే పిచ్చిదానా, ఆ పిల్ల మాట్లాడేటప్పుడు మధ్యలో అందుకోకు, అంతే. నీకు చిన్నప్పట్నుంచీ మధ్యలో అందుకునే అలవాటుంది. మేమే ముద్దు చేసి పెంచాం, ఆ తప్పు నీది కాదు.

ప్రాజెక్టు పనని సీతంపేట ఏజెన్సీ వైపు పంపిస్తే దోమతెర లేకుండా కదలొద్దు, ఒట్టు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర గిరిజనుల మధ్యకు వెళ్లి వాళ్ల భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పాఠపుస్తకాలు రాసి సొంత డబ్బుతో బడి నడిపారు. అడవుల్లో పట్టుకున్న జ్వరానికి క్వినైన్ మింగి మింగి ఆయనకు చెవుడొచ్చింది. ఆయనంత పని చెయ్యి, చెవులు మాత్రం కాపాడుకో. నీళ్లు కాచినవే తాగు. చీకటిపడ్డాక బస్సెక్కకు.

దసరా సెలవులకు పాలకొండ రా. అటక మీద తాతగారి ఖాతా పుస్తకాల పెట్టె ఉంది, మీ నాన్న పాత పేపర్లవాడికి వేసేద్దామంటున్నాడు, నేను ఒప్పుకోలేదు. ఎవరికి ఎంత ఇచ్చారో, వడ్డీ ఎంత పట్టారో, ఎవరి పొలం ఎప్పుడు మన పేరు మీదకొచ్చిందో అందులో ఉంటుంది. ఇద్దరం కూర్చుని చదువుదాం, నువ్వు రాసుకో. ఫీజు కట్టాక రసీదు ఫోటో నాకు పెట్టు, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

మీ అత్త