దీవిలో పోస్టింగ్‌కి వెళ్తున్న నీకు

చిరంజీవికి దీవెనలు.

పోస్టింగ్ ఆర్డరు వచ్చిందని, అది సముద్రం మధ్య ఉండే ఉపగ్రహాల ట్రాకింగ్ స్టేషన్‌కని మీ నాన్న చెప్పాడు. "ఏముంది, ఆకాశం చూస్తూ కూర్చోవడమేగా" అని నవ్వాడు. కూర్చోవడం మాట నిజమే. అదెలా కూర్చోవాలో చెబుదామనే ఈ ఉత్తరం.

500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది. మన నెత్తి మీదుగా పోయినా కనబడేది పది పన్నెండు నిమిషాలే. దాన్నే పాస్ అంటాం. దానికి కమాండ్లు పంపినా, అది చూసింది దింపుకున్నా ఆ కాస్త సేపట్లోనే. చుట్టూ నీళ్ళే ఉన్న చోట కూడా ఒక డిష్ కావాలి కనుకే సైన్యాలు దీవులు వెతుక్కుంటాయి. అమెరికా వాయుసేన హవాయిలో 1959లో, హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశపు మాహే దీవి కొండ మీద 1963లో స్టేషన్లు పెట్టుకుంది. మాహేది 1996లో మూసేశారు.

నా మొదటి ఏడాది సంగతి చెప్తాను. రాత్రి షిఫ్టు. పాస్ మొదలైంది, సిగ్నల్ లాక్ అయింది, డిష్ హాయిగా తిరుగుతోంది. నాలుగో నిమిషంలో టక్కున ఆగిపోయింది. ఒకే వైపు తిరుగుతూ పోతే లోపలి కేబుళ్ళు మెలిపడతాయి, అందుకని ఒక హద్దు దగ్గర లిమిట్ స్విచ్ ఆపేస్తుంది. ముందు పాస్‌లోనే అది సగం మెలి తిరిగి ఉంది. వెనక్కి తిప్పి పెట్టాల్సింది నేనే, పెట్టలేదు. తిప్పుకొచ్చేసరికి ఉపగ్రహం సముద్రం అంచున దిగిపోయింది. తర్వాతి చుట్టులో పట్టుకుందామా అంటే, ఆ గంటన్నరలో భూమి తిరిగిపోయి దాని దారి 20 డిగ్రీలకు పైగా పడమటికి జరిగింది. మళ్ళీ సరిగ్గా దొరికింది దాదాపు 12 గంటల తర్వాతే. ఎవరూ తిట్టలేదు. లాగ్‌బుక్‌లో మాత్రం నా చేత్తో నేనే రాసుకున్నాను, అది చాలదూ?

అందుకే పాస్‌కి అరగంట ముందే కుర్చీలో ఉండు. కేబుల్ మెలి చూసుకో. లాగ్‌లో టైము యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఒక్కటే అయిన ప్రామాణిక సమయంలోనే రాయి, చేతి గడియారం చూసి రాయకు. సరిగ్గా నడినెత్తి మీదుగా వచ్చే పాస్ సులువనుకునేవు, అదే పెద్ద టెన్షన్. ఆ క్షణంలో డిష్ గిర్రున తిరగాలి, ఒక్కోసారి సిగ్నల్ జారుతుంది. కంగారుపడి చెయ్యి పెట్టకు, ముందే వేసిన ప్రోగ్రాం ప్రకారం తిరగనీ.

ఉప్పుగాలి ఇంకో తంటా. తెల్లటి గుమ్మటం కింద డిష్ భద్రంగానే ఉంటుంది. బయటి కేబుల్ జాయింట్లను మాత్రం వారానికోసారి విప్పి చూడు. రాగి మీద చిలుము కనబడిందా, అప్పుడే తుడువు. రేపన్నావంటే ఆ రేపు మంచి పాస్‌లోనే దెబ్బతీస్తుంది.

ఏ ఉపగ్రహం ఎన్నింటికి వస్తుందన్న మాట గేటు దాటకూడదు, ఇంటికి రాసే ఉత్తరాల్లో కూడా. అడిగేవాళ్ళంతా గూఢచారులేం కాదు, ఊరికే అడుగుతారు. అయినా సరే.

ఓడ ఆలస్యమైతే ఉత్తరమూ ఆలస్యమే, మీ అమ్మకి ముందే చెప్పి వెళ్ళు. కళ్ళజోడు రెండో జత మర్చిపోకు, అక్కడ చేసిచ్చేవాళ్ళుండరు.

ఇట్లు,
మీ పెదనాన్న